ఎలక్ట్రానిక్ పరికరములలోని మూలాంగములు: వాని క్రియలు, వాని నామములు

భాషాపరిశోధనకును ఎలక్ట్రానిక్ పరికరములకును గల సంబంధము నేడు విడదీయరానిది. మౌఖికసాహిత్యమును సేకరించువారు, మాండలికములను పరిశీలించువారు, ధ్వనులను కొలుచువారు అందఱును ఏదో యొక యంత్రమును ముందుంచుకొని కూర్చుండవలసినవారే. ఐనను ఆ యంత్రము లోపల నేమున్నదో తెలిసికొనుట మన పని కాదను భావము మనలో బలముగా నున్నది. ఆ భావము సరికాదనియు, యంత్రములోని అయిదాఱు మూలాంగముల పని తెలియనిచో పరిశోధనఫలితమే తలక్రిందులు కావచ్చుననియు నాకు స్వానుభవమున తెలియవచ్చినది. ఆ యనుభవమును ముందు నివేదించి, పిదప ఒక్కొక్క అంగము చేయు పనిని వివరించి, తుదకు వాని పేర్లను గూర్చి భారతీయభాషలవారము ఆలోచింపదగిన యొక విషయమును మనవి చేయుదును.

1. ఒక పొరపాటు

1996లో నేను పరిశోధకవిద్యార్థిని. తెలుగుదేశమునకు వెలుపల తరతరములుగా నివసించుచున్న తెలుగువారి ఉచ్చారణము నా పరిశోధనవిషయము. పశ్చిమబెంగాలులోని ఖరగ్‌పూరు రైల్వేపట్టణమున పెక్కు తెలుగు కుటుంబములు కలవు. అచ్చటి కొందఱు వృద్ధుల మాటలను టేపుపై ఎక్కించుకొని వచ్చితిని. నాకు దొరకిన రికార్డరు చాల పాతది. గోడలోని విద్యుత్తుతోనే నడచునది. బ్యాటరీలు వేయుటకు దానిలో తావు లేదు.

తెలుగు వ్యాకరణమున క చ ట త ప లకు పరుషములనియు, గ జ డ ద బ లకు సరళములనియు పేరు. ద్రుతప్రకృతికముల తరువాతి పరుషములు సరళములగుట మనకు సుపరిచితమైన సంధికార్యము. ధ్వనిశాస్త్రదృష్టితో చూచినచో, పరుషమును పలుకునప్పుడు నోరు మూసికొని యుండు క్షణమున కంఠతంత్రులు కంపింపవు. సరళమును పలుకునప్పుడు కంపించును. ప్రాతిశాఖ్యకారులు అఘోషములు, ఘోషవంతములు అని విభజించినది ఈ భేదమునే. ధ్వనిపటమున పరుషమున్నచోట గీత చదునుగా నుండవలెను. సరళమున్నచోట చిన్న తరంగములు కానరావలెను.

నా పటములందు పరుషములున్న ప్రతిచోటను తరంగములు కనబడినవి. ద్రుతముతో సంబంధములేని కళల పిదపను, పదమధ్యమునను సైతము అవి కలవు. ఒక్కొక్క పకారమున ఎనిమిది తొమ్మిది తరంగములను లెక్కింపగలిగితిని. ఈ మాండలికమున పరుషములు సరళములుగా మాఱుచున్నవని నిశ్చయించుకొని, దానికి చుట్టుపట్ల భాషల ప్రభావమును కారణముగా చూపుచు నలువది పుటల అధ్యాయమును వ్రాసి, మా గురువుగారికి సమర్పించితిని.

వారు పటములను చాలసేపు చూచి, "ఈ పెద్దామె అచ్చులను పలుకునప్పుడు కంఠము సెకనునకు ఇంచుమించు 200 మార్లు కంపించుచున్నది. అదే కంఠము పకారమున సరిగా 100 మార్లే కంపించుట యెట్లు?" అని అడిగిరి. నేను మాటాడలేదు. "ఆ ప్రక్కనున్న పురుషుని పకారమునను 100, ఈమె పకారమునను 100. పోనిమ్ము. ఈమె ఏమియు పలుకక ఊరకున్నచోట గీత యెట్లున్నదో చూచితివా?" అనిరి.

నేను చూడలేదు. అప్పుడు చూచితిని. ఆమె ఊరకున్నచోటను అవే తరంగములు, సెకనునకు 100 చొప్పున, ఎడతెగక కలవు. ఆమె మౌనముగా నున్నప్పుడును ఆమె కంఠము మ్రోగుచున్నదని నేను నలువది పుటలు వ్రాసితిని. పరుషములు ఎచ్చటను సరళములు కాలేదు. ఆ మ్రోత రికార్డరుది.

ఇది చెవికి ఏల తెలియలేదని అడుగవచ్చును. అంత తక్కువ కంపనసంఖ్యగల మంద్రస్వరము సన్నగా నున్నప్పుడు మన చెవి దానిని గ్రహింపజాలదు. చిన్న స్పీకరు దానిని పలికింపను లేదు. పటము మాత్రము దానిని దాచదు.

రికార్డరును బజారులో రేడియోలు బాగుచేయు నొక పనివానికడకు గొనిపోయితిని. అతడు మూత విప్పి, బొటనవ్రేలంత యల్యూమినియపు డబ్బీని చూపి, తన భాషలో, "కండెన్సరు ఎండిపోయినది" అనెను. క్రొత్తదానిని అతికినంతనే మ్రోత ఆగిపోయెను. ఎండిపోవుటకు అందులో తడి యేమున్నదని నాకు సందేహము కలిగినది. ఆ సందేహమే ఈ వ్యాసమునకు మూలము.

2. ఒత్తిడి, ప్రవాహము, నిరోధము

లోహములందు కొన్ని ఎలక్ట్రానులు ఏ పరమాణువునకును గట్టిగా కట్టుబడక తిరుగాడుచుండును. వానిని ఒక దిశకు నెట్టు ఒత్తిడిని వోల్టులతోను, నెట్టబడి సాగు ప్రవాహమును ఆంపియరులతోను కొలుతురు. చెఱువుకట్టకు తూము పెట్టినప్పుడు నీటిమట్టపు ఎత్తు ఒత్తిడి వంటిది. తూమునుండి వచ్చు నీరు ప్రవాహము వంటిది. తూము ఇఱుకుతనము నిరోధము వంటిది. ఈ పోలిక కొంతదూరమే సాగును. తెగిన కాలువనుండి నీరు పొలమున పడును గాని, తెగిన తీగనుండి విద్యుత్తు ఒలికిపోదు. వెడలిన ప్రవాహము తిరిగి మూలమును చేరు మార్గమున్ననే అది సాగును. అందువలననే ఆ మార్గమునకు వలయమని పేరు.

ఒత్తిడి, ప్రవాహము, నిరోధము అను మూటికిని గల సంబంధమును జర్మనుదేశీయుడగు గియోర్గ్ ఓమ్ 1827లో ప్రకటించెను. ఒత్తిడిని నిరోధముచే భాగించినచో ప్రవాహము వచ్చును. 10 వోల్టుల ఒత్తిడి 1000 ఓములగుండ ఒక ఆంపియరులో నూఱవవంతును మాత్రమే పోనిచ్చును.

ఈ ఇఱుకుతనమును కావలసినంత మేరకు కలిగించుటకై చేసిన అంగమే రెసిస్టరు, అనగా నిరోధకము. బియ్యపుగింజకంటె కొంచెము పెద్దదిగా నుండి, రెండు కొనల తీగలు కలిగియుండును. పింగాణీకడ్డీపై పలుచని బొగ్గుపూతయో లోహపుపూతయో ఉండును. దానిపై సంఖ్య వ్రాయుటకు చోటు చాలదు గావున రంగుపట్టీలు వేయుదురు. నలుపు 0, గోధుమరంగు 1, ఎఱుపు 2, నారింజ 3, పసుపు 4, ఆకుపచ్చ 5, నీలము 6, ఊదా 7, బూడిదరంగు 8, తెలుపు 9. మొదటి రెండు పట్టీలు అంకెలను, మూడవది వాని ప్రక్కన చేర్పవలసిన సున్నల లెక్కను తెలుపును. పసుపు, ఊదా, ఎఱుపు అనగా 4, 7, పిదప రెండు సున్నలు, 4700 ఓములు. అంకెలను అక్షరములతో సూచించు కటపయాది పద్ధతి తెలిసినవారికి రంగులతో సూచించు ఈ పద్ధతి వింతగా తోపదు.

నిరోధకము తాను అడ్డుకొన్న శక్తిని దాచుకొనదు, వేడిమిగా విడిచివేయును. ఈ స్వభావమే దానిని తరువాతి రెండు అంగములనుండి వేఱుచేయునది.

3. కూడబెట్టునది

రెండు లోహపురేకులను ఒకదానికొకటి తగులకుండ చేరువగా నుంచి, నడుమ విద్యుత్తును పోనీయని పదార్థమును పెట్టినచో కండెన్సరు, అనగా కెపాసిటరు, ఏర్పడును. ఒత్తిడి కలిగించినప్పుడు ఒక రేకుపై ఎలక్ట్రానులు చేరును. రెండవదానినుండి అన్నియే వెడలిపోవును. నడిమి పదార్థమును దాటి ఏదియు పోదు. ఐనను రేకులు నిండువఱకు వెలుపలి తీగలలో ప్రవాహముండును. నిండినపిదప ఆగిపోవును. ఒత్తిడి తగ్గినప్పుడు కూడబెట్టినది వెనుకకు వచ్చును. కావున స్థిరముగా నుండు ఒత్తిడికి ఇది మూసిన తలుపు. ఎల్లప్పుడు మాఱుచుండు ఒత్తిడికి తెఱచిన తలుపు.

దీని తొలిరూపము లైడెన్ జాడీ. 1745లో క్లైస్టు, 1746లో లైడెన్ నగరమున ముషెన్‌బ్రూక్ దానిని వేర్వేఱుగ కనుగొనిరి. ఇటలీదేశీయుడగు వోల్టా ఇట్టి సాధనమునకు 1782లో కండెన్సరు అను అర్థముగల పేరు పెట్టెను. విద్యుత్తును దట్టముగా పేర్చునదని అతని భావము. శాస్త్రగ్రంథములు ఆ పేరును విడిచి కెపాసిటరు అను పేరును గైకొన్నవి. మన బజారులు మాత్రము విడువలేదు. పంకా తిరుగనప్పుడు మార్చవలసినది నేటికిని కండెన్సరే.

రేకుల వైశాల్యము పెరిగినకొలదియు, నడిమి దూరము తగ్గినకొలదియు ఎక్కువ కూడబెట్టవచ్చును. చిన్న డబ్బీలో అధికముగా కూడబెట్టుటకు ఒక యుపాయము కలదు. అల్యూమినియపు రేకుపై అతిసూక్ష్మమైన ఆక్సైడుపొరను పెంచి, దానినే నడిమి పదార్థముగా వాడుదురు. ఆ పొరను ఎడములేకుండ అంటుకొనియుండి రెండవ రేకుగా పనిచేయునది ఘనలోహము గాదు. కాగితమునకు పట్టించిన యొక ద్రావకము. దాని నంతయు చాపవలె చుట్టి డబ్బీలో నుంచుదురు. ఏండ్లు గడచినకొలదియు వేడికి ఆ తడి ఆఱును. తడి ఆఱినంతమేర రెండవ రేకు నశించినట్లే. రికార్డరు బాగుచేసిన యతడు "ఎండిపోయినది" అన్న మాట అక్షరాల నిజము.

4. మాఱ్పును ఎదిరించునది

తీగను చుట్టలుగా చుట్టినచో ఇండక్టరు, అనగా ప్రేరకము, అగును. ప్రవాహము సాగునప్పుడు చుట్ట చుట్టును అయస్కాంతక్షేత్రము ఏర్పడును. ప్రవాహము పెరుగబోయినను తరుగబోయినను ఆ క్షేత్రము మాఱవలసివచ్చును. మాఱు క్షేత్రము ఆ మాఱ్పునకు విరోధమగు ఒత్తిడిని చుట్టలో పుట్టించును. అందుచేత ప్రేరకము ప్రవాహమును ఎదిరింపదు. ప్రవాహములోని మాఱ్పును ఎదిరించును. బరువైన బండిచక్రము కదలుటకును ఆగుటకును తొందరపడనట్లే ఇదియు.

ఒక చుట్టలోని మాఱ్పు ప్రక్కచుట్టలో ఒత్తిడిని పుట్టించునని ఫారడే 1831లో నిరూపించెను. ట్రాన్స్‌ఫార్మరు, అనగా పరివర్తకము, దానిపైననే ఆధారపడినది. మన గోడలనుండి వచ్చు విద్యుత్తు 230 వోల్టులది. సెకనునకు 50 మార్లు ముందునకును వెనుకకును ఊగునది. మొదటి చుట్టకు ఇంచుమించు పందొమ్మిదవవంతు చుట్లు రెండవదానికి ఉన్నచో ఆ 230 వోల్టులు 12 అగును. ఊగుట మాత్రము తగ్గదు. రికార్డరు లోపలి అంగములకు కావలసినదో, ఊగని విద్యుత్తు.

5. ఒకవైపే పోనిచ్చునది

సిలికన్ పరమాణువునకు వెలుపలిపొరలో నాలుగు ఎలక్ట్రానులు కలవు. శుద్ధస్ఫటికమున అవి యన్నియు ప్రక్క పరమాణువులతోడి బంధములందు చిక్కుకొనియుండుటచే విద్యుత్తు అంతగా సాగదు. కోట్ల పరమాణువుల నడుమ ఒక ఫాస్ఫరసు పరమాణువును చేర్చినచో, దానికి అయిదు ఎలక్ట్రానులుండుటచే ఒకటి మిగిలి తిరుగాడును. ఇది ఎన్ రకము. మూడే ఎలక్ట్రానులు గల బోరానును చేర్చినచో ఒక బంధమున ఒకటి కొఱవడును. ఇది పి రకము. ఆ కొఱవడిన చోటునకు రంధ్రమని పేరు. ప్రక్క ఎలక్ట్రాను ఆ చోటికి రాగా, అది వెడలిన చోట రంధ్రమేర్పడును. ఈ విధముగా రంధ్రము ప్రయాణము చేయును. లేమి యొక వస్తువువలె ప్రవర్తించుట పాణినీయమును చదివినవారికి క్రొత్తగాదు. అందు లోపము సైతము ఆదేశమువలె కార్యములకు నిమిత్తమగుచున్నది.

పి, ఎన్ రకములను ఒకే స్ఫటికమున చేర్చినచో సంధిస్థలమున ఎలక్ట్రానులు రంధ్రములను పూరించి, తిరుగాడునవి లేని సన్నని పొర ఏర్పడును. ఒక దిశలో ఒత్తిడి కలిగించినచో ఆ పొర సన్నగిలి ప్రవాహము సాగును. సిలికనునకు ఇందుకు ఇంచుమించు 0.6 వోల్టులు కావలెను. ఎదురుదిశలో ఒత్తిడి కలిగించినచో ఆ పొర మఱింత వెడల్పగును, ప్రవాహము ఆగును. ఇదియే డయోడు. వ్యాకరణమున సంధి రెండు వర్ణములకు. ఇచట సంధి రెండు రకముల సిలికనునకు. రెంటను విశేషమంతయు కలియుచోటనే యున్నది.

ఈ ఏకముఖత్వమును లోహగంధకములందు 1874లో ఫెర్డినాండ్ బ్రౌన్ గమనించెను. కలకత్తాలో జగదీశ చంద్ర బోసు గలీనాస్ఫటికముతో తరంగములను పసిగట్టు సాధనమును నిర్మించి, 1901లో దరఖాస్తు చేయగా, 1904లో అమెరికాదేశమున దానికి పేటెంటు లభించెను. అర్ధవాహకములతో చేసిన సాధనములకు లభించిన తొలి పేటెంటులలో అది యొకటి.

నాలుగు డయోడులను తగువిధమున కూర్చినచో, ముందునకు ఊగిన సగమును వెనుకకు ఊగిన సగమును ఒకే దిశకు మరలును. ఇప్పుడు విద్యుత్తు వెనుకకు పోదు. కాని స్థిరముగాను ఉండదు. సెకనునకు 50 ఊగులలోని 100 సగములు 100 గుట్టలుగా వరుస తీరును. నా పటములలోని 100కు మూలమిదియే.

ఆ గుట్టల నడిమి పల్లములను పూడ్చుటయే కండెన్సరు పని. గుట్టపై నుండగా కూడబెట్టి, పల్లమున నుండగా ఇచ్చును. లెక్కచేసి చూతము. రికార్డరు ఆంపియరులో పదవవంతును వాడుచున్నదనుకొందము. పల్లము సెకనులో నూఱవవంతు కాలము. కండెన్సరు 2200 మైక్రోఫారడులదైనచో ఆ వ్యవధిలో ఒత్తిడి అరవోల్టుకంటె తక్కువగానే తగ్గును. అది ఎండి, పదవవంతునకు, అనగా 220 మైక్రోఫారడులకు దిగజాఱినచో, నాలుగున్నర వోల్టులు తగ్గును. 15 వోల్టులతో నడువవలసిన యంత్రము సెకనునకు నూఱుమార్లు 15నుండి పదిన్నరకు పడి లేచుచుండును.

6. మలచునది

పడి లేచునది సరఫరా గదా, దానివలన మాటలోనికి మ్రోత యెట్లు వచ్చినదను ప్రశ్నకు సమాధానము ట్రాన్సిస్టరులో కలదు. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీను, బ్రాటైనులు మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించిరి. షాక్లీ దానిని మఱియొక రూపమున పెంపొందించెను. ఈ మువ్వురకును 1956లో నోబెల్ బహుమానము లభించినది.

ఎన్, పి, ఎన్ అను మూడు పొరలను కూర్చి, నడిమి పొరను మిక్కిలి పలుచగా చేసినచో ట్రాన్సిస్టరగును. ఒక కొనను ఎమిటరనియు, నడిమిదానిని బేసనియు, రెండవ కొనను కలెక్టరనియు అందురు. ఎమిటరునుండి బయలుదేరిన ఎలక్ట్రానులలో నూటికి ఒకటి రెండు మాత్రమే నడిమి పొరలో రంధ్రములతో కలిసి పోవును. తక్కినవి ఆ పలుచని పొరను దాటి కలెక్టరును చేరును. బేసునకు ఇచ్చు చిన్న ప్రవాహము కొంచెము పెరిగినచో ఎమిటరునుండి కలెక్టరునకు సాగు పెద్దప్రవాహము దానికి వందరెట్లు పెరుగును. తగ్గినచో అట్లే తగ్గును. మైకునుండి వచ్చు అత్యల్పమైన విద్యుత్తును బేసునకు ఇచ్చినచో దాని రూపమే పెద్దప్రవాహమున కనబడును.

ఇచట జాగ్రత్తగా గుర్తింపవలసినది యొకటి కలదు. దీనిని వర్ధకమనుటచే, చిన్నది పెరిగి పెద్దదైనదను భావము కలుగును. అది సరికాదు. పెద్దప్రవాహము సరఫరానుండి వచ్చినది. చిన్న ప్రవాహము దానిని తన రూపమున మలచుచున్నది. విత్తనము పెరిగి చెట్టగుట కాదిది. ముద్ర మైనమును మలచుట వంటిది. మైనమునందే గీతలున్నచో ముద్రతోపాటు ఆ గీతలును కనబడును. సరఫరాలో సెకనునకు 100 అలలున్నచో, మలచబడిన మాటలోను ఆ అలలు ఉండితీరును. పెద్దామె పలికినచోట అచ్చుల బలమున అవి మఱుగుపడినవి. పరుషముల నిశ్శబ్దమున బయటపడినవి. ఆ నిశ్శబ్దము సెకనులో నూఱింట ఎనిమిది తొమ్మిది వంతులు. నేను లెక్కించిన తరంగములును ఎనిమిది తొమ్మిదియే.

7. నామము, క్రియ

నాటివఱకు ఈ అంగముల పేర్లు నాకు తెలియనివి కావు. రెసిస్టరు, కండెన్సరు, ట్రాన్సిస్టరు అని పలుకగలిగియుంటిని. వానికి సంస్కృతసమములను చెప్పగలిగియుంటిని. తెలియనిది, ఒక్కొక్కటి ఏమి చేయుననునది. ఒకటి అడ్డుకొనును, ఒకటి కూడబెట్టును, ఒకటి మాఱ్పును ఎదిరించును, ఒకటి ఒకవైపే పోనిచ్చును, ఒకటి మలచును. ఈ అయిదు క్రియలును శుద్ధమైన తెలుగున కలవు. అట్లే ప్రతి భారతీయభాషయందును కలవు. పరిభాషను నిర్మించునప్పుడు మనము నామముపై చూపిన శ్రద్ధ క్రియపై చూపలేదని నా మనవి.

కండెన్సరునకు హిందీ సంధారిత్రమనును. ఖనిత్రము, లవిత్రములందువలె ఇత్రప్రత్యయము సాధనమును తెలుపును. బెంగాలీ ధారకమనును, ఇది కర్తను తెలుపు రూపము. తమిళము మిన్‌తేక్కి యనును; విద్యుత్తును నిలువచేయునదని పామరునకును తెలియును. మూడును సాధువులే. మూటను ధరించుటయో నిలువచేయుటయో యను క్రియ నిలిచియున్నది గావున, పేరు విన్నవానికి పని కొంత తెలియును.

క్రియను మఱచి పదమునకు పదమును పెట్టినచో నేమగునో చూతము. సిలికనులో అన్యపదార్థమును చేర్చుటకు ఆంగ్లమున డోపింగ్ అందురు. డోప్ అను మాట డచ్చిభాషలో ముంచుకొని తిను పులుసువంటి దానికి పేరైన మాటనుండి వచ్చినది. మత్తుమందు అను అర్థము తరువాత కలిగినది. మన పాఠ్యపుస్తకములందలి మాదీకరణమను మాట ఆ తరువాతి అర్థమును పట్టుకొన్నది. విద్యార్థి సిలికనునకు మత్తెక్కినదని భావించినచో దోషము అతనిది కాదు. చేర్చుట యను క్రియ చాలియుండెడిది. అట్లే విద్యుత్తును ఒకే దిక్కునకు మరల్చు డయోడుల కూర్పునకు ఏకదిక్కరణి యను అర్థవంతమైన మాట యేర్పడినది. కాని అది ధకారముతో ఏకధిక్కరణిగా అచ్చగుచున్నది. దిక్కు పోయి ధిక్కారము మిగిలినది. పని యేమో తెలిసిన అక్షరశోధకుడు ఈ ఒత్తును తొలగించియుండును.

ట్రాన్సిస్టరులోని బేసును ఆధారమని అనువదించితిమి. మొదటి ట్రాన్సిస్టరున జెర్మేనియపు ముక్కపై రెండు లోహపుకొనలు ఆనియుండెను. అడుగునున్న ఆ ముక్కయే బేసు. నేటి ట్రాన్సిస్టరున అది నడిమి పొర. దేనికిని ఆధారము కాదు. ఆంగ్లమునందే పేరు పాతబడినప్పుడు దాని అనువాదము విద్యార్థికి ఏమి తెలుపును? ఇట్టిచోట బేసనియే ఉంచి, నడిమి పొరయని వివరించుట మేలు. ట్రాన్సిస్టరు అను పేరును 1948లో జాన్ పియర్స్ సూచించెను. డయోడు అను పేరును 1919లో ఎక్లిస్ గ్రీకుమాటలతో కల్పించెను. ఈ పేర్లు వారి భాషయందును నిర్మించుకొన్నవే. వానిని మనము అప్పుగా గైకొన్నను లోపము లేదు. అప్పుగా గైకొనరానిది క్రియ. దానిని మన భాషలో చెప్పలేకపోయినచో విషయము మనకింకను తెలియలేదనియే అర్థము.

8. పరిశోధకులకు మనవి

నేటి రికార్డరులు మిక్కిలి చిన్నవి, బ్యాటరీతో నడచునవి. ఐనను అంగములు మాఱలేదు. ఒక్క సిలికనుపలుకుపై లెక్కకు మిక్కిలిగా ఇమిడినవి. కండెన్సరు మైకు అనునది పేరునకు తగినట్లు కండెన్సరే. దాని యొక రేకు మాటకు కదలును, దూరము మాఱును, విద్యుత్తు మాఱును. మెమరీకార్డులో మన టేపుల స్థానమును ఆక్రమించినది 1967లో కాంగ్, జీ అనువారు బెల్ ప్రయోగశాలలో రూపొందించిన తేలియాడు ద్వారపు ట్రాన్సిస్టరు. ఒత్తిడితో లోనికి నెట్టిన ఎలక్ట్రానులు చుట్టునున్న పొరను దాటలేక అచ్చటనే నిలిచియుండుట యందలి రహస్యము. కాని ఎలక్ట్రానులు ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా జారిపోవును. కార్డులో నున్నది శాశ్వతమని నమ్మి, ఒక్క ప్రతితో తృప్తిపడరాదు. మాటలాడినవారు గతించినపిదప ఆ ప్రతి తప్ప వేఱాధారము ఉండదు.

క్షేత్రమునకు పోవు విద్యార్థులకు నేను మూడు నియమములను చెప్పుచున్నాను. మొదటిది, మాట మొదలుకాకమునుపు అర నిమిషము నిశ్శబ్దమును రికార్డు చేయవలెను. యంత్రము తనంతట తాను పలుకు మాట అందు తెలియును. రెండవది, చార్జరును తగిలించియుంచి రికార్డు చేయరాదు. మూడవది, పటమున సరిగా 50గాని 100గాని కంపనసంఖ్య కనబడినప్పుడు దానిని కంఠమునకు అంటగట్టుటకు ముందు మౌనమున్న చోటును చూడవలెను. కంఠము ఎన్నడును అంత నియమముగా ఒకే సంఖ్యపై నిలువదు.

ఆ నలువది పుటల అధ్యాయమును చింపివేసితిని. పెద్దామె మాటలను మరల రికార్డు చేయుటకు తరువాతి సంవత్సరము ఖరగ్‌పూరు పోయితిని. ఆమె అప్పటికి లేదు. ఆమె మాటలు మ్రోతతో కూడిన ఆ టేపుననే నాకడ నున్నవి. ఆమె పకారములు శుద్ధపరుషములని మాత్రము నేడు నిస్సందేహముగా చెప్పగలను.